లాగుడు రంపం

శనివారం పొద్దున పది గంటలకు పెద్ద వడ్రంగి ఒక రంపాన్ని గుడ్డలో చుట్టి, పసిపిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చి, దుకాణం గాజుబల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పితే రంపం రేకు నడుం దగ్గర వంగిపోయి ఉంది.

"ఇదేంటి బాబాయ్, రంపం పట్టుకెళ్లి విల్లు తెచ్చావు?" అంది తూకమ్మ.

బల్ల ముందున్నవాళ్లు నవ్వారు. మేకులు తూచే కాటా పక్కన ఇరవై రెండేళ్లుగా నిలబడి ఉంది కాబట్టి ఆ పనిముట్ల దుకాణం యజమానురాలు అందరికీ తూకమ్మే. మాట కూడా తూచే అమ్ముతుందనీ, కొసరు వెయ్యదనీ పేరు.

"రెండో తోపుకే వంగిందమ్మా," అన్నాడు వడ్రంగి. బొటనవేలితో రంపం పళ్ల మీది పొట్టు తుడిచాడు. "దీని పళ్లు చూడండి. పిడివైపు తిరిగున్నాయి. నాకేమనిపిస్తోందంటే, వెనక్కి..."

"పళ్లు నీవైపు తిరిగాయా? జాగ్రత్త బాబాయ్, కరుస్తుంది."

మళ్లీ నవ్వులు. వడ్రంగి కూడా కొంచెం నవ్వాడు, పెద్దవాళ్లు మర్యాదకు నవ్వినట్టు. "అది కాదమ్మా. ఇంకొకటి ఇవ్వండి, ఇక్కడే మీ ముందే..."

"ఓస్! రంపం తొయ్యడం కూడా నేనే నేర్పాలా నీకు? నలభై ఏళ్లు ఏం కోశావయ్యా మరి? ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట!"

ఈసారి నవ్వు పెద్దగా లేచింది. తలుపు బందులు ఏరుకుంటున్న కాంట్రాక్టరు మాత్రం నవ్వలేదు. బందు చేతిలో పట్టుకుని వడ్రంగివైపు ఒకసారి, వంగిన రంపంవైపు ఒకసారి చూశాడు.

"మరి లైబ్రరీ కిటికీల సంగతి, బాబూ?" అని అడిగాడు వడ్రంగి అతన్ని. "పై సోమవారం నుంచి రమ్మన్నారు."

"శుక్రవారం మనుషుల్ని ఖాయం చేస్తా బాబాయ్. చూద్దాంలే."

వ్యాపారంలో చూద్దాంలే అంటే లేదని అర్థం. ఆ సంగతి బల్లకు ఇటున్న తూకమ్మకు తెలుసు, అటున్న వడ్రంగికీ తెలుసు. అతను రంపాన్ని మళ్లీ గుడ్డలో చుట్టాడు. చుట్టేటప్పుడు చెయ్యి తొందరపడలేదు. మూల మడిచి, మడత మీద మడత వేసి, ముడి వేసి, చెవిమీది పెన్సిలు సరిచేసుకుని వెళ్లిపోయాడు.

తూకమ్మకు ఇంకొకటి కూడా తెలుసు. ఓడ సరుకులో మిగిలిపోయిన జపాను రంపాల పెట్టెను ఆమె గుత్తగా కొన్నది. పిడికి పేము చుట్టిన, అరిటాకంత పలచని రంపాలు. పెట్టెలో ఇరవై నాలుగు. ఇంతకుముందు కొన్నవాళ్లు నలుగురు ఇదే మాట చెప్పి వెనక్కి ఇచ్చేశారు. వాళ్లు ఎవరూ లేని వేళ చూసి వచ్చారు కాబట్టి నోరు మూసుకుని తీసుకుంది. ఈ ముసలాయన ఆరుగురి ముందు వచ్చాడు. ఆరుగురి ముందు సరుకు తప్పు అని ఒప్పుకుంటే పెట్టె మొత్తం బరువు మెడకు తగులుకుంటుంది. అందుకని బయటికి చెయ్యి తప్పు అంది. లోపల మాత్రం సరుకే తప్పు అని ఎప్పుడో రాసుకుంది.

మధ్యాహ్నం ఆమె చెల్లెలి కూతురు క్యారియర్ తీసుకుని వచ్చింది. ముసలివాళ్లకు సేవ చేసే ఉద్యోగానికి జపాను వెళ్లాలని ఆ పిల్ల రెండు నెలలుగా భాష నేర్చుకుంటోంది.

"ఏమేవ్, జపాను వాణ్ని తిట్టాలంటే ఏమనాలి?"

"మాకింకా తిట్లు రాలేదు పెద్దమ్మా. దండాల దగ్గరే ఉన్నాం."

"రెండు నెలలు దండాలేనా?"

"దండాలే నాలుగు రకాలు!"

"రంపాలు చేసినవాడికి ఉత్తరం రాయాలే. పెట్టెమీద చిరునామా ఉంది. నీ సరుకు చెత్త, వెనక్కి తీసుకో అని వాడి భాషలోనే వాడికి అంటించాలి. మన భాషలో రాస్తే వాడు దాంతో పొయ్యి అంటించుకుంటాడు."

పెట్టెలో ఒక్కో రంపంతో పాటు ఒక్కో కాగితం వచ్చింది, కుంచెతో రాసిన పెద్ద చేతిరాత. వచ్చిన రోజునే ఆ పిల్ల దానికి ఫోను చూపించింది. "పెళ్లికూతురు కోపగించును, నూనె రాసి నిలబెట్టుము" అని చెప్పింది ఫోను. అప్పటినుంచి తూకమ్మ ఆ కాగితాలను సగానికి చింపి స్క్రూలు పొట్లం కడుతోంది. మంచి మందం కాగితం, స్క్రూ మొనలకు చిరగదు. పెట్టె మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే అని ఆమె లెక్క.

*

ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు ఫొటో స్టూడియో పైగదిలో, రాసుకునే చెక్క ఉన్న కుర్చీలో, ఎనిమిది మంది ఇరవై ఏళ్ల పిల్లల మధ్య యాభై రెండేళ్ల తూకమ్మ ఇరుక్కుని కూర్చుంది. కుర్చీ ఆమెకు కొలత తక్కువ.

టీచరమ్మ పదకొండేళ్లు అక్కడ వృద్ధుల ఆశ్రమంలో పనిచేసి వచ్చిన మనిషి. తూకమ్మ వచ్చిన పని విని ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేదు. "ఆ భాషలో తిట్టాలంటే ముందు వాతావరణం బాగుందా అని అడగాలండీ. పోనీ, ఆ ఉత్తరం నేను రాసిపెట్టనా?"

"వద్దు తల్లీ. ఒకరి నోటితో తిట్టిస్తే కారం తగ్గుతుంది. నా తిట్టు నేనే తిట్టుకుంటా. ఎన్ని రోజులు పడుతుంది?"

"మొదటి వాక్యానికా? బుధవారానికి వచ్చేస్తుంది."

మొదట నేర్పిన మాట 'హై'. అంటే అవును.

"అవును అనుకుని మోసపోకండి," అంది టీచరమ్మ. "నేను మొదట్లో ఒక ముసలావిడకి రోజంతా ఏదో చెప్పి హై, హై అనిపించుకుని, ఒప్పుకుందని మురిసిపోయా. సాయంత్రానికి ఒక్కటీ చెయ్యలేదు. హై అంటే ఒప్పుకున్నానని కాదు, వింటున్నానని."

"ఊఁ కొట్టడం," అంది తూకమ్మ.

టీచరమ్మ సుద్ద పట్టుకుని అలాగే నిలబడింది. "అవునండీ! ఊఁ కొట్టడమే. పదకొండేళ్లలో నాకు తట్టలేదు చూడండి."

తూకమ్మకు ఒళ్లంతా చిన్న గిలిగింత. ఇరవై రెండేళ్ల కిందట మొదటి గిరాకీ దుకాణం మెట్టు ఎక్కినప్పుడు కలిగిన గిలిగింత అది. ఇంటికి వెళ్లేసరికి భర్త వెనక గదిలో మేకుల పెట్టెలు దించుతున్నాడు. అతను ఏం చెప్పినా "హై" అంది.

"ఏమైందే నీకు?"

"హై."

"ఈ వయసులో హాయేంటే?"

*

సోమవారం అక్షరాలు. పిల్లలు రెండు నెలల కిందట దాటేసిన అక్షరాలను టీచరమ్మ ఆమె కోసం బోర్డు పక్కన వరసగా రాసింది. పిల్లలకు అవి బొమ్మలు. తూకమ్మకు దుకాణం. 'షి' అనేది గోడకు కొట్టే కొక్కెం. 'హె' ఇంటి కప్పు వాలు. 'ఇ' పక్కపక్కన కొట్టిన రెండు మేకులు, ఒకటి కొంచెం పొట్టి. 'కు' అయితే అలమర చెక్క కింద బిగించే మూలకట్టే, అటూ ఇటూ స్క్రూ బొక్కలు ఒక్కటే తక్కువ. 'నొ' దగ్గర మాత్రం ఆగి, "ఇది వంగిన స్ప్రింగు వాషరు, వెనక్కి ఇచ్చెయ్యాలి," అంది. పిల్లలు కుర్చీ చెక్కలు చరిచి నవ్వారు. అంత సేపట్లో ఆమెకు పద్నాలుగు అక్షరాలు వచ్చేశాయి.

మంగళవారం లెక్కలు. ఆ రోజు ఆమె కుర్చీలో నిలవలేదు.

"వాళ్లు అన్నిటినీ ఒకే లెక్కన లెక్కపెట్టరు," అంది టీచరమ్మ. "పొడుగు వస్తువులకు ఒక లెక్క: ఇప్పొన్, నిహొన్, సంబొన్. పలచని వాటికి ఇంకోటి: ఇచిమయ్, నిమయ్, సమ్మయ్. చిన్న చిన్న వాటికి ఇక్కొ, నికొ."

"ఎందుకండీ అంత గోల?" అని ఏడ్చినంత పని చేసింది ఒక పిల్ల.

"గోలేంటే?" అని తూకమ్మే తిరిగి సమాధానం చెప్పింది. "మనం మాత్రం? మూడు కుర్చీలు అంటావు. మూడు అత్తలు అంటావా? ముగ్గురు అంటావు. మనుషులకొక లెక్క, వస్తువులకొక లెక్క. లేకపోతే మనిషికీ సామానుకీ తేడా ఏముంది?"

"మనుషులకు వాళ్లకీ వేరే ఉంది," అంది టీచరమ్మ మెరిసే కళ్లతో. "హితోరి, ఫుతారి, సన్నిన్, యొనిన్, గొనిన్, రొకునిన్."

ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు. తూకమ్మ నోట్సులో గీత గీసి రెండు వరసలు ఎదురెదురుగా రాసుకుంది. తర్వాత తల ఎత్తింది. "రంపం పొడుగా, పలచనా?"

టీచరమ్మ ఆశ్రమంలో మంచాలూ మందుబిళ్లలూ లెక్కపెట్టింది కానీ రంపాలు లెక్కపెట్టిన పాపాన పోలేదు. "రేపు చూసి చెప్తానండీ."

మర్నాడు పొద్దున దుకాణంలో ఆమె ఉలులూ సాండ్‌పేపర్లూ వాషర్లూ మూడు లెక్కల్లో లెక్కపెడుతూ ఉంటే గిరాకీలు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ సంతోషంలోనే, వీధికి అవతల పెద్ద వడ్రంగి నడిచిపోవడం చూసింది. చేతిలో సాండ్‌పేపరు చుట్ట ఉంది. అది ఆమె దుకాణంలోది కాదు. పైవీధి దుకాణంవాడు కట్టే పసుపు దారం దానికి ఉంది. ఇన్నేళ్లలో అతను మొదటిసారి ఆ మెట్టు ఎక్కాడు. దుకాణంవైపు తల తిప్పలేదు. తూకమ్మ లెక్క పదకొండు దగ్గర తప్పింది.

"లైబ్రరీ కిటికీలు ఆయనకి లేనట్టేనంట," అన్నాడు భర్త పెట్టె దించుతూ. "చెయ్యి పోయిందని కాంట్రాక్టరు అంటున్నాడంట. మన దుకాణంలోనే తేలిందంట కదా."

"అంట, అంట, అంట! కాటామీద పెట్టి తూచి చెప్పండి."

"నువ్వు తూచావుగా శనివారం," అన్నాడు అతను, వెనక్కి చూడకుండా.

బుధవారం సాయంత్రం టీచరమ్మ గదిలోకి వస్తూనే అంది: "మీ రంపం పొడుగూ కాదు, పలచనా కాదండీ. చేత్తో పట్టుకుని పనిచేసే పనిముట్లకు విడిగా ఒక లెక్క ఉందట. రంపం, గొడ్డలి, కత్తెర. 'చో' అంటారు. ఇచ్చో, నిచో, సంచో."

"ఇచ్చో! ఇచ్చో పుచ్చుకో అన్నట్టుందే!" తూకమ్మ లేచి నిలబడింది. చేతిలో పట్టుకునే దాని లెక్క వేరు. వస్తువు ఆకారాన్ని బట్టి కాదు, చేతిని బట్టి. అలాంటి లెక్క పెట్టినవాడు చెత్త రంపం ఎందుకు చేస్తాడన్న అనుమానం ఒక్క క్షణం మెదిలింది. గిరాకీ వచ్చినప్పుడు ఈగను తోలినట్టు తోలేసింది.

ఎందుకంటే ఆ రోజే ఆమె వాక్యం వచ్చింది. రంపానికి వాళ్ల మాట 'నొకోగిరి'. ఆమె మూడుసార్లు నొక్కోగిరి అంది.

"నొక్కకు పెద్దమ్మా," అంది చెల్లెలి కూతురు. "నొకోగిరి."

'వరుయ్' అంటే చెడ్డ. నొకోగిరి గ వరుయ్ దెస్. రంపం చెడ్డది. క్రియ చివర్న, తెలుగులో లాగే బుద్ధిగా కూర్చుంది. టీచరమ్మ బోర్డు మీద రాసి, మొదటి మాట చెరిపి ఖాళీ పెట్టింది. "ఇక్కడ ఏ పేరైనా పెట్టొచ్చు. కుర్చీ చెడ్డది, మందు చెడ్డది. వతాషి అని పెడితే, నేను. వతాషి గ వరుయ్ దెస్. కానీ అప్పుడు నేను చెడ్డదాన్ని అని కాదు, తప్పు నాది అని అర్థం."

"ఆ ఒక్కటీ నాకు అక్కర్లేదు," అంది తూకమ్మ, నోట్సు మూసేస్తూ. పిల్లలు నవ్వారు.

*

గురువారం పాఠం తలుపులు.

"ఆశ్రమంలో మొదటి రోజు నేను గాజు తలుపుకి గుద్దుకున్నాను," అంది టీచరమ్మ. "ఎందుకంటే తలుపు మీద రాసింది చదవడం రాదు. మీకు ఆ గతి పట్టకూడదు." రెండు అట్టముక్కలు తీసి, ఒకటి గది తలుపుకి బయటివైపు, ఇంకోటి లోపలివైపు అంటించింది. "ఒసు అంటే తొయ్యి. హికు అంటే లాగు."

"ఓస్!" అన్నారు పిల్లలంతా ఒకేసారి, ఒకరి భుజాలు ఒకరు తోసుకుంటూ. "ఓస్ ఇంతేనా!"

తూకమ్మ కూడా నవ్వింది. ఓస్ అంటే తొయ్యడం. బలే మాట. తర్వాత ఆమె లోపలివైపు అట్టను చూసింది.

ఎడమవైపు మూడు మలుపులు తిరిగిన వైరు. కుడివైపు నిలువుగా కొట్టిన మేకు. పక్కన మూలకట్టు. మూలకట్టు 'కు' అని ఆమెకు సోమవారం నుంచీ తెలుసు. కానీ ఆ వైరూ మేకూ ఈ రోజు చూసినవి కావు. నెలల తరబడి చూసినవి. పొట్లం కట్టినప్పుడల్లా మడిచినవి, వేలితో నొక్కి మడత పెట్టినవి.

"అదేంటండీ, ఆ వంకర వైరు?"

"ఎడమవైపుదా? విల్లు అండీ. పక్కన నిలువుగీత దాని తాడు అనుకోండి. విల్లును ఏం చేస్తాం?"

"లాగుతాం," అంది తూకమ్మ.

అనేసి, కుర్చీ చెక్క ఎత్తడం మరిచిపోయి లేచింది. కుర్చీ ఆమెతోనే లేచింది. ఇద్దరు పిల్లలు పట్టుకుని ఊడదీశారు. "పెద్దమ్మా, ఎక్కడికి?" అంటే వినకుండా తలుపు దగ్గరికి పరిగెత్తి, దాన్ని తోసింది. రాలేదు.

"హికు!" అని గదంతా అరిచింది.

లాగి, మెట్లు దిగింది.

దుకాణంలో భర్త షట్టరు సగం దించి ఉన్నాడు. దాని కిందనుంచి వంగి దూరింది. బల్లమీద కట్టి పెట్టిన స్క్రూల పొట్లం ఒకటి విప్పింది. స్క్రూలు గాజుమీద గలగలా దొర్లాయి. కింది సగం కాగితం. ఇంకోటి విప్పింది. పై సగం! నెత్తిన, అన్నిటికంటే పెద్దగా, కుంచె రెండుసార్లు తిరిగిన మందంతో: వైరు, మేకు, మూలకట్టు. మిగతా వరసల్లో ఒక్క ముక్కా చదవలేకపోయింది. చదవాల్సిన ముక్క అదొక్కటే.

"స్క్రూలు ఎందుకే పారబోశావు?"

"రంపం ఇవ్వండి. ఇచ్చో! ఇచ్చో ఇవ్వండి!"

"ఇవ్వొచ్చో ఇవ్వకూడదో నువ్వే తేల్చుకుని చెప్పు," అంటూనే అందించాడు.

ఖాళీ చెక్కపెట్టె అంచు మీద రంపం ఆనించింది. చెయ్యి అలవాటుకొద్దీ ముందుకు పోబోయింది. ఆపింది. నొక్కలేదు. లాగింది. రంపం చిన్న శబ్దం చేసింది, పట్టుచీర మడత విప్పినప్పటి శబ్దం. ఇంకోసారి లాగింది. నాలుగో లాగుడుకు పెట్టె మూల తెగి కాళ్ల దగ్గర పడింది. తెగిన చోట వేలు పెట్టి చూస్తే గాజుబల్ల అంచంత నున్నగా ఉంది.

"అమ్మో!" అన్నాడు భర్త. "మంచి సరుకేనే ఇది!"

తూకమ్మ గంతు వెయ్యలేదన్న మాటే కానీ గుండె వేసింది. ఇరవై నాలుగు రంపాలు మెడమీదినుంచి దిగి, ఒక్కొక్కటే అలమరలో నిటారుగా నిలబడినట్టయింది. ఆ సంతోషం మధ్యలో శనివారం మాట ఒకటి, సగంలో తెగిన మాట, మిగతా సగంతో సహా వినపడింది.

'దీని పళ్లు పిడివైపు తిరిగున్నాయి. నాకేమనిపిస్తోందంటే, వెనక్కి...'

వెనక్కి లాగాలేమో అనబోయాడు. తెలుగులోనే అనబోయాడు. అప్పుడు ఆమె కరుస్తుంది అంది. బయటికి చెయ్యి తప్పు అని చెప్పింది, లోపల సరుకు తప్పు అని రాసుకుంది. రెండు లెక్కల్లోనూ తన పేరు ఎక్కడా వెయ్యలేదు.

*

వడ్రంగి షెడ్డుకు వెళ్లేసరికి ఇంకా ఎండ పోలేదు. అతను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, ఇనుప దిమ్మ మీద రంపం రేకును పెట్టి, చిన్న సుత్తితో తడుతున్నాడు. ఒక దెబ్బ, ఒక చూపు. కన్ను మూసి అంచు వెంట చూసుకుని మళ్లీ ఒక దెబ్బ. వంపు దాదాపు పోయింది. పక్కన చెక్కముక్కలు రెండు, మూల దగ్గర ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. ఆ అతుకులో వెంట్రుక దూర్చడానికి కూడా సందు లేదు.

"లాగాలి బాబాయ్!" అంది తూకమ్మ, ఆయాసపడుతూ. "దాన్ని తొయ్యకూడదు, లాగాలి! కాగితం మీద రాసుంది. నేను చదివాను!"

"అవునమ్మా," అన్నాడు వడ్రంగి. అతుకు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "శనివారం సాయంత్రమే కోశాను. వంగినదాంతోనే ఇలా వచ్చింది."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. "మరి వచ్చి చెప్పలేదేం?"

"చెప్పడానికే వచ్చానుగా."

సుత్తి ఇంకో దెబ్బ. తూకమ్మ అయిదు రోజుల్లో సంపాదించిందంతా కూడగట్టుకుని, చేతులు పక్కన పెట్టుకుని, నడుం దగ్గర వంగింది. నాలుగు రకాల దండాల్లో అన్నిటికంటే లోతైన వంపు. "వతాషి గ వరుయ్ దెస్," అంది.

వడ్రంగి సుత్తి ఆపి చూశాడు. "నడుం పట్టిందా అమ్మా?"

"కాదు బాబాయ్. జపాను మాట. అంటే..." చెప్పబోయి ఆగింది. అదే అర్థం, కానీ తెలుగు తూకంలో బరువుగా ఉంది.

అతనికి అర్థమైనట్టే ఉంది. రంపాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. "చూడమ్మా, నాకు రంపం సంగతి తెలుసు. నా చేతి సంగతీ తెలుసు. నాకు నువ్వు ఏ భాషలో చెప్పినా ఒకటే. ఆ రోజు విన్నవాళ్లు ఆరుగురు. వాళ్లకి జపాను రాదు."

మొదటిసారి ఆమెను నువ్వు అన్నాడు. తూకమ్మ ఆ అతుకు ముక్కను కొంగులో కట్టుకుంది. "రేపు పది గంటలకు దుకాణానికి రా బాబాయ్. ఈ రంపం తీసుకునే రా."

*

శుక్రవారం పొద్దున ఏడింటి నుంచీ ఆమె వీధులు తిరిగింది. ఎవరెవరు విన్నారో ఆమెకు మొహాలతో సహా గుర్తు. గిరాకీని మరిచేవాడికి దుకాణం ఎందుకు? రంగులు వేసేవాణ్ని నిచ్చెన మీద పట్టుకుంది. ప్లంబరును ఎవరింటి స్నానాలగదిలోనో పట్టుకుంది. తోటపని ఆవిడ, స్కూలు గుమాస్తా వస్తామన్నారు. కాంట్రాక్టరు ఫోనులో, "పనుందండీ, ఇవాళ మనుషుల్ని ఖాయం చేసే రోజు," అన్నాడు.

"అందుకే ఇవాళ," అంది.

పది గంటలకు ఆమె కాటా పక్కన నిలబడింది. బల్లమీద ఒక మంచి చెక్కదిమ్మ, దానికి రెండు వైపులా బిగింపులు. ఎదురుగా వడ్రంగి, గుడ్డ మూటతో.

"హితోరి," అని భర్తను లెక్కపెట్టింది. అతనూ విన్నవాడే. రంగులవాడు వచ్చాడు. "ఫుతారి." ప్లంబరు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "సన్నిన్." తోటపని ఆవిడ. "యొనిన్." గుమాస్తా. "గొనిన్."

"ఏంటమ్మా, మంత్రాలా?" అన్నాడు ప్లంబరు. "రంపానికి దయ్యం పట్టిందా?"

"పట్టింది రంపానికి కాదు."

పది దాటి పది నిమిషాలయింది. ఇరవై అయింది. రంగులవాడు రంగు ఆరిపోతుందని గొణిగాడు. అయిదుగురితో సరిపెట్టుకుందామా అని ఆమెకు ఒక్కసారి అనిపించింది. ఆరో మనిషి లేకుండా తూకం సగం కూడా కాదని వెంటనే తెలిసింది. వడ్రంగి మూట విప్పలేదు, కూర్చోలేదు. అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడయింది.

"రొకునిన్!" అని గట్టిగా అరిచింది తూకమ్మ. కాంట్రాక్టరు అదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అందరూ వినండి," అంది. చేతులు బల్లమీద ఆనించింది. "పోయిన శనివారం ఈ బల్ల దగ్గర బాబాయికి చెయ్యి చేతకాదన్నాను. అంతకుముందే నలుగురు ఈ రంపాలు వెనక్కి ఇచ్చారు. చెయ్యి తప్పు కాదని అప్పుడే నాకు తెలుసు. తెలిసే అన్నాను. సరుకు చెడ్డదన్న పేరు రాకూడదని ఆయనకి చెడ్డపేరు పెట్టాను. తీరా చూస్తే సరుకూ చెడ్డది కాదు. ఇది లాగుడు రంపం. బాబాయి ఆ రోజే చెప్పబోతే నేను నోరు మూయించాను. ఆడలేనమ్మను నేనే. తప్పు నాది."

ఎవరో ఒకరు నవ్వుతారని ఆమె కాచుకుని ఉంది. నవ్వితే బాగుండునని కూడా అనిపించింది. కాటా పళ్లెం మాత్రం ఎవరి మోచెయ్యో తగిలి కొంచెం ఊగింది.

"ఇప్పుడు చెప్పు బాబాయ్," అంది.

వడ్రంగి మూట విప్పాడు. రంపం తిన్నగా ఉంది. చెక్క మీద పెన్సిలుతో గీత గీసి, పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు. "పళ్లు చూశారా, పిడివైపు."

"ఊఁ," అంది తూకమ్మ.

"తోస్తే రేకు ముడుచుకుంటుంది, పలచనిది కదా. లాగితే తాడులాగా బిగుసుకుంటుంది. బిగుసుకుంటే వంకరపోదు. అందుకే ఇంత పలచగా చెయ్యగలిగారు."

"ఊఁ."

"నొక్కక్కర్లేదు. దాని బరువే దానికి చాలు."

"ఊఁ," అని ఈసారి ఆరుగురూ అన్నారు.

అతను లాగాడు. ఏడు లాగుళ్లు. ముక్క బల్లమీదికి మెత్తగా ఒరిగింది. కాంట్రాక్టరు దాన్ని తీసుకుని తెగిన ముఖాన్ని బొటనవేలితో రాశాడు, వెలుతురుకు పట్టాడు. తూకమ్మ కొంగుముడి విప్పి నిన్నటి అతుకు కూడా అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని విడదీసి, కలిపి, మళ్లీ విడదీశాడు.

"కిటికీ చట్రాల మూలలు అన్నీ ఇలా వస్తాయా బాబాయ్?"

"మూలకు ఒక రోజు ఇస్తే."

"ఒక పూట ఇస్తా."

"చూద్దాంలే," అన్నాడు వడ్రంగి.

అప్పుడు నవ్వారు. మొదట కాంట్రాక్టరే నవ్వాడు. అతుకును జేబులో వేసుకుని, "సోమవారం ఏడింటికి," అని వెళ్లబోయి, వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఆ రంపాలు ఎన్నున్నాయి?"

"నిజుసంచో," అంది తూకమ్మ. అతను తెల్లబోతే, "ఇరవై మూడు. కానీ బల్ల దగ్గర ఒకసారి లాగి చూపించనివాడికి అమ్మను," అంది.

"మరి అమ్మేదానివి నీకు వచ్చా?" అని అడిగాడు ప్లంబరు.

"ఎందుకు రాదూ? నిన్న పెట్టె మూల కోశాను!"

వడ్రంగి పక్కకు జరిగి పిడి ఆమెవైపు తిప్పాడు. తూకమ్మ కొంగు దోపుకుని, రంపం అందుకుని, గీతమీద పెట్టింది. చుట్టూ ఆరుగురు. నిన్న ఒంటరిగా వచ్చిన విద్య ఇవాళ జనంలో కంగారు పడింది. చెయ్యి తన ఇరవై రెండేళ్ల అలవాటుతో ముందుకు ఒక ఇంచీ కదిలింది.

ముసలాయన రెండు వేళ్లు ఆమె మణికట్టు మీద పడ్డాయి.

"ఓస్ వద్దమ్మా," అన్నాడు.

ఆమె తల ఎత్తి చూసింది. ఆ మాట జపానులో ఏ అర్థంలో పనిచేస్తుందో అతనికి తెలిసే అవకాశమే లేదు. శనివారం తనకు తగిలిన మాటను తిరిగి ఇచ్చాడంతే.

"హై," అంది తూకమ్మ. లాగింది.